వైకుంఠం విరుపు

పెద్ద ప్రశ్న అడిగినవాళ్లకి చిన్న పని చెప్పడం తాయారమ్మగారి అలవాటు. నాదం అంటే ఏమిటమ్మా అని అడిగిన ఒక శిష్యుడి చేత ఆవిడ మూడు రోజులు చింతపండు గింజలు తీయించారు. మోక్షం గురించి అడిగినాయన్ని రైతుబజారుకి పంపి లేత బెండకాయలు ఏరుకు రమ్మన్నారు. వాళ్లకి జవాబు దొరికిందో లేదో మనకి తెలియదు గాని, బందరులో ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్లెవరూ ఊరికే ప్రశ్నలు వేసేవారు కాదు. నోరు తెరిచే ముందు ఇవాళ ఇంట్లో ఏం పని మిగిలి ఉందో అని ఓ కన్నేసి చూసుకునేవారు.

ముకుందం మాత్రం ఆ మధ్యాహ్నం అవేమీ చూసుకునే స్థితిలో లేడు. చెప్పులు విప్పీ విప్పకుండానే లోపలికొచ్చి, ఆవిడ కుర్చీ ముందు చాప మీద కూలబడి, చేతిలో ఉన్న నోటుపుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టేశాడు. “అమ్మా, నేనింక కీర్తనలు రాయడం మానేద్దామనుకుంటున్నాను. మానేయమంటారా, వద్దంటారా? ఆ ఒక్క ముక్కా చెప్పండి” అన్నాడు.

ముకుందానికి నలభయ్యారేళ్లు. ఆకెళ్ల వైకుంఠరావుగారి కొడుకు. బందరులో ఈ ఒక్క మాట చెబితే అతని గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అదేగా అతని బాధ! వైకుంఠరావుగారు పోయి పదిహేనేళ్లయింది. అయినా ఆయన రాసి పాడిన కీర్తన లేకుండా ఆ ఊళ్లో ఒక పెళ్లి జరగదు, ఒక గుడిలో మైకు మోగదు. ముకుందమూ రాశాడు, ముప్ఫై పైచిలుకు. ఎవరైనా విని బాగున్నాయంటే, ఎంతైనా ఆయన రక్తం కదా అనేవారు. బాగులేవంటే, ఆయన కడుపున పుట్టి ఇదేమిటయ్యా అనేవారు. ఏ వైపు తిరిగినా మాట వెళ్లి ఆయన దగ్గరే ఆగేది. పోనీ తండ్రి మీద కోపమా అంటే అదీ లేదు, తండ్రంటే ప్రాణం. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేని మనిషి చాటున బతకడం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది.

ఇక్కడ వైకుంఠం విరుపు సంగతి చెప్పాలి, లేకపోతే కథ నడవదు. వైకుంఠరావుగారి కేదారగౌళ కీర్తనలో ‘కదలి రావయ్యా కనకాంబరధరా’ అని ఒక పాదం ఉంది. ఆయన అందులో ‘కనకాం’ దగ్గర టక్కున ఆగి, ఎడమవైపుకి కాస్త ఒరిగి, ఒక్క క్షణం పాటని గాలిలో వదిలేసి, ఆ తరువాత ‘బరధరా’ అని అందుకునేవారు. మాటని నడుం దగ్గర విరిచేయడమన్నమాట. ఇంకొకరు ఆ పని చేస్తే మనం చెవులు మూసుకునేవాళ్లం. ఆయన చేసేసరికి సభంతా ఆహా అంది. తరువాత తరువాత ఆయన ఏ కీర్తన పాడినా ఎక్కడో ఒకచోట అది వచ్చేది. మనవాళ్లకి ఒకటి నచ్చిందంటే దానికో పేరు పెట్టేదాకా నిద్ర పట్టదు కదా, వైకుంఠం విరుపు అన్నారు. భక్తుడి గొంతు గద్గదమైపోయిన చోటు అది అని ఒక పండితుడు ఏకంగా నలభై పేజీల వ్యాసం రాశాడు. శిష్యులు దాన్ని నేర్చుకున్నారు, వాళ్ల శిష్యులకి నేర్పారు. తప్పు పలికితే ఒప్పుకునేవారేమో గాని, విరుపు పడకపోతే మాత్రం తొడ మీద చరిచి మళ్లీ పాడించేవారు.

వచ్చే ఆదివారం వైకుంఠరావుగారి వర్ధంతి సభ. ఏటా ముకుందం అందులో తండ్రి కీర్తనలే పాడేవాడు. ఈసారి కాస్త ధైర్యం తెచ్చుకుని, సహానలో తను కొత్తగా కట్టిన కీర్తన పాడతానని సభ కార్యదర్శి జగ్గప్పగారికి వినిపించాడు. అందులో ఒక పొడుగాటి పాదం ఉంది. తాళం రెండు చుట్లు తిరిగేదాకా అది ఎక్కడా తెగదు. ఆ పాదం కుదిరిన రోజున వంటింట్లో అతని భార్య గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కూర మాడింది. జగ్గప్పగారు మాత్రం శ్రద్ధగా విని, “బాగుందయ్యా, బాగుంది. అయితే ఆ పొడుగు పాదం మధ్యలో నాన్నగారి విరుపు ఒకటి పడాలి. అది లేకపోతే వచ్చిన జనం ఏమనుకుంటారు చెప్పు? అది పెడితే పాడు, లేదా ఎప్పటిలాగే ఆయన కీర్తన పాడెయ్” అన్నారు. ముకుందం రెండు రోజులు కూర్చుని, ఎర్ర సిరాతో గీతలు గీసి, ఆ పాదాన్ని నడిమికి విరిచాడు. విరిచాక పాడి చూసుకుంటే ఏడుపొచ్చింది. ఇలా పాడితే తను రాసి ప్రయోజనం లేదు, పాడకపోతే తన పాట వినే దిక్కు లేదు. అందుకే ఈ పరుగు.

తాయారమ్మగారు వైకుంఠరావుగారికి మొదటి శిష్యురాలు. పాతికేళ్ల పాటు ప్రతి కచేరీలోనూ ఆయన వెనకాల కూర్చుని తంబూరా వేసిన మనిషి. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చినా ఇప్పటికీ సభలో ఆ పని ఆవిడదే. నోటుపుస్తకం తెరిచి, ఎర్ర సిరా చూసి, మూసేశారు.

“ఏరా, రేపు సాయంత్రం సభలో గోష్ఠిగానం రిహార్సలు ఉందా?”

“ఉందమ్మా.”

“నాకు భుజం పీకుతోంది. నా బదులు వెనకాల కూర్చుని తంబూరా వెయ్యి.”

ముకుందానికి ఒళ్లు మండింది. “అమ్మా, నేనడిగిందేమిటి, మీరు...”

“ఉప్పుగాలికి తీగలు దిగిపోతాయి. కాస్త ముందే వెళ్లి శ్రుతి చూసుకో” అని ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారు.

గొణుక్కుంటూనే వెళ్లాడు. పుట్టి బుద్ధెరిగాక సభలో అతను ముందు వరస తప్ప ఇంకోచోట కూర్చోలేదు. వైకుంఠరావుగారి అబ్బాయిని వెనకాల ఎవరు కూర్చోనిస్తారు? ఆ రోజు మాత్రం తంబూరా పట్టుకుని అందరి వెనక్కీ వెళ్లి గోడవారన చతికిలబడ్డాడు. ముందు ముప్ఫై మంది శిష్యులు, ప్రశిష్యులు వరసలుగా కూర్చున్నారు. ముందున్నవాడికి మొహాలు కనిపిస్తాయి, ఆ మొహాల్లో భక్తీ, పారవశ్యమూ కనిపిస్తాయి. వెనకున్నవాడికి కనిపించేవి వీపులే. కేదారగౌళ మొదలైంది. ‘కదలి రావయ్యా కనకాం’ అనేసరికి ముప్ఫై వీపులు ఒక్కసారి ఎడమవైపుకి ఒరిగాయి, అరవై భుజాలు పైకి లేచాయి, దిగాయి. ‘బరధరా’ అన్నారు. ముకుందానికి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కున్నాడు.

పాదం రెండోసారి వచ్చింది. మళ్లీ ఒరిగాయి, మళ్లీ భుజాలు లేచాయి. ఈసారి నవ్వు రాలేదు. ఆ వీపుని తను ఎక్కడో చూశాడు. ముప్ఫై వీపులు కాదు, ఒకటే. ఎక్కడ చూశాడు?

ఇంట్లో చూశాడు. మేడ మెట్ల మీద. తండ్రి ఆఖరి పదేళ్లూ ఉబ్బసంతో బాధపడ్డారు. కచేరీ అయి ఇంటికొచ్చాక ఆయన ముందు ఎక్కుతుంటే, తను తంబూరా మోసుకుంటూ వెనక ఎక్కేవాడు. ఏడో మెట్టు దగ్గర ఆయన టక్కున ఆగేవారు. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని కాస్త ఒరిగేవారు. భుజాలు పైకి లేచేవి, ఒక్క క్షణం అలా ఉండి దిగేవి. అప్పుడు ఎనిమిదో మెట్టు ఎక్కేవారు. రోజూ చూసిన వీపే. మెట్ల మీద దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

తంబూరా ఆగిపోయింది. ముప్ఫై మొహాలు వెనక్కి తిరిగాయి. “ఏమైందండీ?” అన్నారెవరో. “తీగ దిగింది” అని అబద్ధమాడాడు ముకుందం.

రిహార్సలు అయ్యీ అవకముందే తాయారమ్మగారింటికి వచ్చిపడ్డాడు. ఆవిడ వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.

“అమ్మా! అది విరుపు కాదు. నాన్నగారికి ఊపిరందేది కాదు. మెట్ల మీద ఎలా ఆగేవారో అలాగే... అది ఆయాసమమ్మా!”

ఆవిడ చేట పక్కన పెట్టారు. కళ్లు తడయ్యాయి.

“మొదటిసారి ఆయనకి మాట మధ్యలో ఊపిరి తెగింది. వెనకే ఉన్నాను, నాకు గుండాగినంత పనైంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు రిక్షాలో ఇంటికొస్తూ ఒకటే మాటన్నారు. ‘తాయారూ, వాళ్లు ఇవాళ నా ఆయాసానికి చప్పట్లు కొట్టారమ్మా’ అన్నారు. అని పసిపిల్లాడిలా ఏడ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు.”

“మరి ఇన్నేళ్లుగా నాక్కూడా చెప్పలేదేమమ్మా?”

“చెప్పనని మాటిచ్చాను. చూపించనని ఇవ్వలేదు.”

ముకుందం ముందు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. తండ్రి అతని కళ్లలో ఒక్క పిసరు కూడా తగ్గలేదు సరిగదా, ఇంకా ప్రాణమయ్యారు. కానీ ఇన్నాళ్లూ గుండెల మీద కూర్చున్న మనిషి లేచి వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఆ పక్కన కూర్చున్నాయన మెట్లెక్కి అలిసిపోయిన ముసలాయన, అంతే. అమ్మయ్య అనుకున్నాడు. పైకే అనుకున్నాడు.

“సభలో ఈ సంగతి చెప్పేయనా అమ్మా? పాపం, ముప్ఫై మందీ...”

“చెప్పి చూడు. రేపట్నించి ఉబ్బసం విరుపు అని నేర్చుకుంటారు” అని ఆవిడ మళ్లీ చేట అందుకున్నారు.

ముకుందం అక్కడే కూర్చుని, నోటుపుస్తకం అడిగి తీసుకుని, ఎర్ర సిరా గీతలన్నీ కొట్టేశాడు.

ఆదివారం సభ నిండిపోయింది. శిష్యుల గోష్ఠిగానం అయింది, విరుపు పడింది, అందరూ ఆహా అన్నారు. ఆ తరువాత ముకుందం సహాన ఎత్తుకున్నాడు. వెనక తాయారమ్మగారు తంబూరా వేస్తున్నారు, భుజం నొప్పి ఏమైందో మరి. పొడుగు పాదం వచ్చింది. ముందు వరసలో జగ్గప్పగారు విరుపు కోసం చెయ్యెత్తి సిద్ధంగా ఉన్నారు, అది పడగానే ఆహా అనడానికి. పాదం సాగింది. తాళం ఒక చుట్టు తిరిగింది. ఆయన చెయ్యి అలాగే ఉంది. రెండో చుట్టు తిరుగుతోంది, పాట ఇంకా తెగలేదు. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి జగ్గప్పగారు నోరు తెరుచుకుని వింటున్నారు. పాదం మెల్లిగా వచ్చి తాళంతో కలిసి సమం మీద దిగాక గాని ఆ చెయ్యి ఒళ్లోకి రాలేదు. చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి, కానీ గట్టిగా మోగాయి. వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురు, విరుపెక్కడా రాలేదేమయ్యా అని సణిగారు. ఒకావిడ మాత్రం, ఆ సహాన ఎవరిదండీ, రాసిస్తారా అని అడిగింది. నాదేనండీ అన్నాడు ముకుందం. ఆ మాట అన్నాక తండ్రి పేరు చెప్పాలని అతనికి తోచలేదు, ఆవిడా అడగలేదు.

జనం పలచబడ్డాక తంబూరా అందుకోవడానికి వెనక్కి వెళ్లాడు. తాయారమ్మగారు దానికి గుడ్డ తొడుగుతున్నారు.

“ఆ పొడుగు పాదంలో ఊపిరి ఎక్కడ తీసుకున్నావురా?”

ముకుందం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

“చూసుకోలేదమ్మా. ఊపిరి సంగతే గుర్తు రాలేదు.”

ఆవిడ ముడి వేసి, తంబూరా అతని భుజానికి ఎత్తారు.

“మీ నాన్నగారు ఆఖరి పదేళ్లూ దేవుణ్ని అడిగింది అదొక్కటేరా.”