భద్రమ్మ వదిలిన జానెడు

అనగనగా, ఏటికి ఇంకా వంతెన లేని రోజుల్లో, ఒక నేతగాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో కోడి కంటే ముందు మగ్గం కూసేది.

ఆ ఊళ్ళో భద్రమ్మ అని ఒక నేతగత్తె ఉండేది. మగడు పోయి ఏడేళ్ళు. ఒక్కతే కూతురు, పేరు నాంచారి, పదమూడేళ్ళది. తల్లి గుంట మగ్గంలో కూర్చుని పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతుంటే, కూతురు పక్కనే రాట్నం తిప్పుతూ నాడెలోకి నూలు కండెలు చుట్టేది. తల్లికి మాట తక్కువ. ఆ లోటు కూతురు తీర్చేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఒక నల్లటి మనిషి వాళ్ళ గడప ముందు నిలబడ్డాడు. కాళ్ళనిండా దుమ్ము. భుజాన తాడు చుట్ట.

"మామా, మీ చేద బావిలో పడిందా?" అంది నాంచారి.

"లేదమ్మా. దాహం," అన్నాడతను.

ఎవరు నువ్వు అని భద్రమ్మ అడగలేదు. చెంబెడు మజ్జిగ ఇచ్చింది. ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడిగింది.

అతను తాగాడు. నాంచారి చెంబు తోమడానికి పెరట్లోకి వెళ్ళింది. అతను తల వంచుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"తల్లీ, నేను యముడి భటుణ్ణి. పక్క ఊరికి పోతున్నాను. నీ మజ్జిగ తాగి, నీకు చెప్పకుండా పోలేను. ఆ మగ్గం మీద పడుగు ఉందే, అదే నీ ఆయుష్షు. ఇంకా నలభై మూరలు ఉంది. చివరంటా నేసిన రోజున నీ కోసం వస్తాను."

భద్రమ్మ పడుగు వైపు చూసింది. నిలువు పోగులన్నీ గంజి పట్టి తళతళలాడుతున్నాయి.

"నెయ్యకపోతే?"

"నెయ్యకపోతే నాకు దారేదీ రావడానికి?" అన్నాడు భటుడు. మేలు చేశాననుకుంటూ వెళ్ళిపోయాడు.

పెరట్లో నాంచారి పాడుకుంటూ చెంబు తోముతోంది. ఆ పాట విని భద్రమ్మ ఒకటే అనుకుంది. "నేను పోతే దీనికి ఎవరున్నారు?"

నాడె చూరులో దోపింది. మగ్గం మీద దుప్పటి కప్పేసింది.

మర్నాడు మంత్రసాని పోలమ్మ వచ్చింది.

"భద్రీ, కుమ్మరోళ్ళ కోడలికి నెలలు నిండాయే. పొత్తిగుడ్డలకి మెత్తటి బట్ట నేసిపెట్టు."

"మగ్గం చెడింది పోలమ్మా."

పోలమ్మ దుప్పటి వైపు చూసింది. కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పడవ గంగులు వచ్చాడు. "అక్కా, గాలికి తెరచాప నిలువునా చిరిగిపోయింది. ముతక బట్ట నేసిస్తే కుట్టుకుంటాను. నా పడవ ఆగితే ఊరు ఆగిపోయినట్టే."

"మగ్గం చెడింది గంగులూ."

"నిన్నటిదాకా చప్పుడు వినపడిందే!"

"నిన్ననే చెడింది."

మూడోసారి వచ్చిన మనిషిని చూసి భద్రమ్మ లేచి నిలబడింది. తోడికోడలు మాణిక్యం. అత్తగారి నాడె నాదంటే నాదని ఇద్దరూ పోట్లాడుకుని ఏడేళ్ళు అయింది. ఆ ఏడేళ్ళలో మాణిక్యం ఈ గడప తొక్కలేదు.

మాణిక్యం గోడకేసి చూస్తూ మాట్లాడింది. "మా ఆయనకి ఒళ్ళంతా చలి. ఎన్ని కప్పినా ఆగట్లేదు. నీ చేతి దుప్పటి అయితే వెచ్చగా ఉంటుందంట. ఆయనే అన్నాడు, నేను కాదు."

భద్రమ్మ ఒక అడుగు ముందుకేసింది. అయినా అదే మాట అంది.

"మగ్గం చెడింది అక్కా."

"తెలుసులే. చెడింది మగ్గం కాదు," అంది మాణిక్యం. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

నెల గడిచింది. తల్లీకూతుళ్ళు పొరుగూరివాళ్ళకి నూలు వడికిపెట్టి గంజి తాగారు. భద్రమ్మ బతికే ఉంది. పొద్దున లేచేది, దుప్పటి సర్దేది, కూర్చునేది.

ఒకరోజు నాంచారి ఏటి నుంచి వట్టి బిందెతో తిరిగొచ్చింది.

"అమ్మా, బిందె తలకెత్తమంటే ఎవరూ రాలేదే. పోలమ్మత్త చూసి కూడా చూడనట్టు పోయింది. గంగులు మామ పడవలోనే పడుకున్నాడు, పిలిస్తే అటు తిరిగాడు. పెద్దమ్మ అయితే తలుపే వేసేసుకుంది. మనం ఏం చేశామే వాళ్ళకి?"

కూతురికి ఎవరూ లేకుండా పోతారని భయపడి భద్రమ్మ ఆయుష్షు దాచుకుంది. పిల్లకి నిజంగానే ఎవరూ లేకుండా పోయారు.

అప్పుడే దుప్పటి కింద టప్పుమని చప్పుడైంది.

కాసేపాగి ఇంకొకటి. టప్పు.

భద్రమ్మ దుప్పటి లాగేసింది. గంజి ఎండి పోగులు పెళుసెక్కాయి. బొద్దింకలు గంజి రుచి మరిగి కొరికేశాయి. ఎక్కడికక్కడ పోగులు తెగి వేలాడుతున్నాయి. ఎంత కాదన్నా నూరు పోగులు.

నేతింట్లో పుట్టి, నేతింట్లో మెట్టిన మనిషి. గంజి పట్టిన పడుగుని నెల రోజులు వదిలేస్తే ఏమవుతుందో ఆమెకి తెలీదా? తెలుసు. భయంలో మరిచిపోయింది.

"యముడి కొలువులో నేతగాడు ఒక్కడూ లేడు కాబోలు," అంది భద్రమ్మ. "నెయ్యకపోతే ఆగుతుందట!"

ఆమెకి కోపం వచ్చింది. నెల రోజుల్లో మొదటిసారి ఒంట్లోకి నెత్తురు వచ్చినట్టయింది.

"అయిపోతే అయిపోనీ. నా చేతి కింద అయిపోవాలి. బొద్దింక నోట్లో కాదు."

నాంచారిని కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. ఏమీ దాచలేదు. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. భద్రమ్మ దాని వీపు నిమిరింది. నిమురుతూనే అంది.

"ఏడుపు అయ్యాక కండె అందుకో. చాలా పనుంది."

తెగిన పోగులన్నీ ముడేసింది. తడి గంజి పట్టించింది. చూరులోంచి నాడె తీసింది. మగ్గం మళ్ళీ కూసింది.

మొదట పోలమ్మకి పదిమూరలు నేసింది. స్వయంగా పట్టుకెళ్ళింది.

"ఆ పిల్లాడు పుట్టేశాడే తల్లీ! నా పాత కోక చింపి చుట్టాను," అంది పోలమ్మ.

"అబద్ధం చెప్పాను. అక్కడక్కడ ముడులు కూడా ఉన్నాయి."

"ముడులు పసివాడికి కనపడతాయా ఏంటి? వాడు కాకపోతే ఇంకోడు పుడతాడు. ఊళ్ళో దానికేం కొదవ? ఇలా తే." బట్ట చెంపకి ఆనించుకుని చూసింది. "మెత్తగానే ఉంది. నాంచారిని ఓసారి ఇటు పంపు. దాని జుట్టు చూడలేకపోతున్నాను."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో భటుడు నిలబడి ఉన్నాడు.

"తల్లీ, ముప్పై మూరలే మిగిలింది. కాస్త నెమ్మదిగా నెయ్యి."

"పక్కకి జరుగు నాయనా," అంది భద్రమ్మ. "వెలుతురుకి అడ్డం."

గంగులుకి పద్దెనిమిది మూరలు నేసింది. అతను దాన్ని ముక్కలు చేసి, పక్కపక్కన చేర్చి తెరచాప కుట్టాడు. పడవ ఏటి మీద కదలగానే మొదట నాంచారిని ఎక్కించుకుని అటూ ఇటూ తిప్పాడు.

"దీనికి ఈత రాదక్కా! నేతగాళ్ళ పిల్ల అయితే మాత్రం ఈత రాకపోతే ఎలా? నేను నేర్పుతాలే," అని ఒడ్డు నుంచే కేకేశాడు.

భటుడు మళ్ళీ వచ్చాడు. "పన్నెండు మూరలే తల్లీ!"

"ఊరికే నిలబడే బదులు ఆ కండె అందించు."

భటుడు అందించాడు. పాపం, అంతవరకూ అతన్ని ఎవరూ పని అడగలేదు.

మిగిలింది మాణిక్యం దుప్పటి. దాన్ని నెయ్యడానికి భద్రమ్మకి చాలా రోజులు పట్టింది. చేతకాక కాదు. అడ్డంగా వేసే ప్రతి పేక పోగునీ చూసి చూసి వేసింది. పనిలో పనిగా నాంచారికి అన్నీ చెప్పింది. పాదంతో తొక్కుడు చెక్క ఎక్కడ నొక్కాలి, పోగు తెగితే చెవికి ఎలా తెలుస్తుంది, కోపంగా ఉన్నప్పుడు ఎందుకు నెయ్యకూడదు. మాట తక్కువ మనిషి ఆ రోజుల్లో మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడలేదు.

నెయ్యడం అయ్యింది. కత్తి తీసి బట్ట కోసింది.

గుమ్మంలో భటుడు తాడు విప్పుతున్నాడు. మగ్గం వైపు చూసి ఆగాడు.

"తల్లీ, ఇంకా జానెడు ఉంది."

"ఉంది."

"చివరంటా నెయ్యాలి కదా?"

"చివరంటా నేసే నేతగాడు ఈ ఊళ్ళో లేడు నాయనా. ఆ జానెడు కూడా నేసేస్తే, పోగులు దూర్చిన ఈ దువ్వెనలాంటి అచ్చు ఖాళీ అయిపోతుంది. మళ్ళీ మొదటినుంచి ఒక్కో పోగూ దూర్చుకోవాలి. అందుకే జానెడు వదిలేస్తాం. కొత్త పడుగు పోగుల్ని ఈ పాత పోగులకి అతుకుతాం. మా అత్త వదిలిన జానెడుకి నేను అతికాను. వాళ్ళ అత్త వదిలినదానికి ఆవిడ అతికింది."

భటుడు బుర్ర గోక్కున్నాడు. "అయితే ఈ పడుగు చివర ఎక్కడుంది?"

"మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

"మరి మా ప్రభువుకి ఏమని చెప్పను?"

"చూసింది చెప్పు. నన్ను దాచెయ్యమని నేను అడగలేదు. నా వంతు నేశాను, వస్తాను. మా ఇంటి పడుగు అయిపోయిందని మాత్రం అనకు. అతుకు పూర్తయ్యేదాకా నేను కదలను. ఆ తాడు మూల పెట్టి కూర్చో."

భటుడు తాడు మూల పెట్టి కూర్చున్నాడు.

భద్రమ్మ ఒక చేతిలో దుప్పటి, ఒక చేతిలో అత్తగారి నాడె పట్టుకుని మాణిక్యం ఇంటికి వెళ్ళింది. రెండూ ఆమె ముందు పెట్టింది.

మాణిక్యం దుప్పటి తీసుకుంది. నాడె వెనక్కి తోసింది.

"నాకెందుకే ఇది? నా మోకాళ్ళు మగ్గం గుంటలోకి దిగి ఎన్నేళ్ళయిందో!"

"మరి ఏడేళ్ళు ఎందుకు పోట్లాడావక్కా?"

"నువ్వు ఇవ్వలేదని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. నవ్వు అయ్యాక భద్రమ్మ విషయం చెప్పింది. మాణిక్యం దుప్పటి లోపలికి తీసుకెళ్ళి మగడికి కప్పింది. తర్వాత కొంగు బిగించింది.

"పద. అతుక్కి వేళ్ళు కావాలిగా. మోకాళ్ళు పోయినా వేళ్ళు ఉన్నాయి."

రెండు వేల పోగులు. మూడు రోజులు పట్టింది. మాణిక్యం, పోలమ్మ, నాంచారి వరసగా కూర్చున్నారు. వేళ్ళకి బూడిద అద్దుకుని పాత పోగుకి కొత్త పోగు మెలేశారు. గంగులు కొత్త పడుగు సాగదీసి పట్టుకున్నాడు. అతని చేతులు నొప్పెడితే భటుడు పట్టుకున్నాడు.

"చెమట చేతులు తుడుచుకో," అని మాణిక్యం యముడి భటుణ్ణే కసిరింది. అతను తుడుచుకున్నాడు.

మూడో రోజు పొద్దెక్కేసరికి ఆఖరి పోగు మిగిలింది. అది నాంచారి మెలేసింది.

భద్రమ్మ గుంటలోంచి లేచింది. "దిగు," అంది కూతురితో.

నాంచారి దిగింది. కాలికి తొక్కుడు చెక్క అందీ అందనట్టుగా అందింది. "అమ్మా," అంది.

భద్రమ్మ కూతురి చేతిలో నాడె పెట్టి వేళ్ళు మూసింది. "విసురు."

మొదటిసారి నాడె ఎగిరి కిందపడింది. మాణిక్యం తీసిచ్చింది. "మా అత్త నాడెకి ఆవిడంత పొగరు. ఒక్కసారికి మాట వినదు."

రెండోసారి మధ్యలో ఆగింది.

మూడోసారి ఈ దరి నుంచి ఆ దరికి జారిపోయింది.

భద్రమ్మ కూతురి నెత్తిన చెయ్యి ఉంచింది. తర్వాత గడప దాటింది. వెనక్కి చూస్తే కాళ్ళు కదలవని తెలిసి, చూడలేదు. భటుడు తాడు భుజాన వేసుకుని వెనకే నడిచాడు. దాన్ని విప్పలేదు.

ఏటి ఒడ్డుకి వచ్చేసరికి ఊళ్ళోంచి మగ్గం చప్పుడు వినపడింది. భటుడు ఉలిక్కిపడి ఆగాడు.

"తల్లీ, నువ్విక్కడ ఉన్నావు. అయినా నీ మగ్గం ఆగలేదే!"

"మా నాంచారి నేస్తోంది."

"అయ్యో. ఒక్కతేనా?"

భద్రమ్మ చెవి ఒగ్గింది. మగ్గం చప్పుడు మధ్యలో మాణిక్యం ఏదో కసురుతోంది. పోలమ్మ జుట్టు నూనె కోసం కేకేస్తోంది. ముందు ఏటి మీద, ముడులున్న తెరచాప గాలికి నిండుగా పొంగి నాంచారిని ఈతకి పిలవడానికి ఊరి వైపు తిరుగుతోంది.

"ఒక్కతి కాదు," అంది భద్రమ్మ. "నడు నాయనా, ఎండెక్కుతోంది."

అని తానే ముందు నడిచింది. భటుడు వెనకపడ్డాడు.

ఆ ఊరి నేతగాళ్ళు ఇప్పటికీ బట్ట కోసేటప్పుడు మగ్గం మీద జానెడు వదిలేస్తారు. దాన్ని భద్రమ్మ జానెడు అంటారు.

అందుకే పిల్లలూ, ఆయుష్షుని దుప్పటి కప్పి దాచుకుంటే బొద్దింకల పాలవుతుంది. నలుగురి కోసం నేస్తే దాని చివర చావుకి కూడా కనపడదు.