మునిగిన తాటివనం

ఏటి ఒడ్డున ఒక తాటివనం ఉండేది. ఆ చెట్లు గీసి, కల్లు అమ్మి ఒక మనిషి ఇల్లు గడుపుకొనేవాడు. రాజు ఏటికి అడ్డంగా గోడ కట్టించాడు. నీళ్లు పొలాలను ముంచాయి, ఇళ్లను ముంచాయి, తాటి మొదళ్లను మింగుతూ మట్టల దాకా వచ్చి ఆగాయి.

ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. గీత మనిషి మాత్రం కొండవాలున పాక వేసుకున్నాడు. చెట్టెక్కే మోకును చూరుకు తగిలించి, పుట్టి పడవలో నేరుగా చెట్టు నెత్తికే వెళ్లేవాడు. కూర్చున్నచోటి నుంచే కల్లు కుండ, లొట్టి కట్టేవాడు, అక్కడి నుంచే కల్లు వంచుకునేవాడు. అతని తాతా, తండ్రీ చెట్టు మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లే. తనకా భయం తీరింది. రాజు చల్లగా బతకాలని అతను మనసులో అనుకున్నాడు.

ఒకనాడు మట్టకు వేలాడే గూట్లోంచి గిజిగాడు తల బయటపెట్టింది.

"మామా, మేం కొండ మీది తుమ్మల్లోకి పోతున్నాం. నీ సంగతి నువ్వు చూసుకో."

"నీకేం పొయ్యేకాలం? గూటి కింద ఇన్ని నీళ్లుంటే పాము కూడా ఎక్కదు గదా."

"పాము రాదులే. ఆకు చీలిస్తే పీచు పుటుక్కుమంటోంది. దీంతో గూడెట్లా అల్లను? నువ్వేమో లొట్టిలోకి తప్ప చూడవు."

గీత మనిషి నవ్వి తెడ్డు వేశాడు.

వానాకాలం పోయేసరికి చెట్ల నెత్తిన మొవ్వులు కుళ్లి ఒక్కొక్కటే నీళ్లలో పడ్డాయి. కల్లు ఆగిపోయింది. ఎండాకాలం రాజు నీళ్లు దిగువకు వదిలాడు. బురదలో తలల్లేని మొద్దులు మిగిలాయి. వాటి మధ్య పుట్టి ఒరిగి పడి ఉంది.

అతను పక్క లోయకు పోయి గంపెడు తాటి టెంకలు తెచ్చాడు. తాడి గీతకు రావాలంటే ఒక తరం పడుతుంది. కొడుక్కైనా బతుకుతెరువు ఉంటుందని, వాలు మీద నీళ్లు నిలిచిన చారకు పైన గుంతలు తీయసాగాడు. అటుగా వచ్చిన రాజు గుర్రం ఆపాడు.

"ఇక్కడ పాతకు. వచ్చే ఏడు గోడ ఇంకా లేపుతున్నాం."

"ఎంత లేపుతారు దొరా?"

"అవసరాన్ని బట్టి."

గీత మనిషి గంప నెత్తికెత్తుకుని కొండెక్కాడు. కొండ కొమ్మున రాజు కొత్తగా కట్టించుకున్న విడిది మేడ ఉంది. దాని గుమ్మం ముందు, పచ్చిక పరిచిన వాకిట్లో గునపం దించాడు. కాపలావాడు పరుగున వచ్చాడు, వెనకే రాజు.

"ఇది నా వాకిలి," అన్నాడు రాజు.

"అందుకే దొరా," అన్నాడు గీత మనిషి, మొదటి టెంకను గుంతలో పెడుతూ. "గోడ ఎంత లేపినా, తమరు ఇక్కడికి మాత్రం నీళ్లు రానివ్వరు."