కొంగకు అంతుపట్టని మూడు తరగతుల వాగు

1987 జూన్ 22, సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. పడమటి గాలికి వెదురు పొదలు నేల దాకా వంగి లేస్తున్నాయి. తేదీ ఎందుకంటారా? ఆ ముసురుతోనే జిల్లేడువాగులో చేపలు గుడ్లు పెట్టే కాలం మొదలైంది. చేపలకు క్యాలెండరు ఉండదని మా కాలేజీలో జంతుశాస్త్రం మాస్టారు అనేవారు. ఆయన ఇంకా చాలా అనేవారు, అదలా ఉంచండి.

ఆ వాగును మూడు తరగతులు చేసింది ముసలి నీటికుక్క. జలపాతం పైనున్నది మొదటి తరగతి, తొలకరి నుంచి దసరా దాకా అక్కడ ఎవరూ మూతి పెట్టకూడదు. నడుమది రెండోది, ముక్కు కన్నా పొడుగున్న చేపనే పట్టాలి. ఇసుకమేట దిగువన మూడోది, అక్కడ ఎవరిష్టం వారిది.

నీటికుక్కకు ఆయువు మూడింది. "కట్టడి తప్పనివారికే నా మడుగు" అని కబురు పంపింది. నడుమ తరగతిలోని ఆ మడుగు నడివేసవిలోనూ ఎండదు. గూట్లో ముగ్గురు పిల్లలున్న కొంగకు అదొక్కటే ఆశ. నక్క కన్నూ దానిమీదే.

"నక్క తమ్ముడూ, ముక్కు కన్నా పొడుగంటే ఎవరి ముక్కయ్యా? లకుముకి పిట్టదా, నాదా?"

"ఎవరి ముక్కు వారిదే అక్కా."

"నా ముక్కంత చేప నా గొంతు దిగొద్దూ!"

"అందుకే జలపాతం పైకి పో. అక్కడ అడ్డు లేదు."

"అది మొదటి తరగతి కదా?"

"పిచ్చిదానా! వాగు నదిలో కలిసే చోటి నుంచి పైకి లెక్కపెట్టాలి. అప్పుడది మూడోది."

కొంగ పైనుంచి లెక్కపెట్టింది, కిందినుంచి లెక్కపెట్టింది. నడుమది మాత్రం కదల్లేదు, మిగతాదంతా తారుమారైంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చివరికి పైకి ఎగిరింది. అది తప్పు చేస్తే చాడీ చెబుదామని నక్కా వెంట వెళ్లింది.

అక్కడ పొట్టలుబ్బిన చేపలు రాళ్లకు ఒరుసుకుంటున్నాయి. కొంగ ముక్కు దించింది, ఎత్తింది, మళ్లీ దించింది.

"నువ్వొకటి పట్టి చూపించు తమ్ముడూ. చూస్తే గానీ నా బుర్రకెక్కదు."

"ఇంత మొద్దుదానివేంటక్కా! ఇదిగో, ఇలా!" నక్క విసుగ్గా మూతి ముంచి, ఓ చేపను పట్టి నమిలేసింది. "చూశావా? కొంప మునిగిందా?"

"లేదనుకో. అయినా నీటికుక్క తాతను ఒక్కమాట అడిగొస్తాను."

"వద్దొద్దు!" అని నక్క పరుగెత్తింది. రెక్కలున్నదాన్ని అందుకోగలదా? రొప్పుతూ చేరేసరికి కొంగ అడుగుతూనే ఉంది. "తాతా, వాగును ఏ కొస నుంచి లెక్కపెట్టాలి? తమ్ముడు కిందినుంచి అంటున్నాడు."

తాత పక్కనున్న తాబేలు మెడ సాచింది. "నీ మీసాలకా పచ్చటి పూసలేమిటోయ్, నక్కా?"

"పుప్పొడి మావా."

"ఇంత ముసురులోనా?"

నీటికుక్క వాసన చూసింది. అవి చేపగుడ్లు. "ఏ కొస నుంచి లెక్కపెట్టినా గుడ్లున్న చోటే మొదటి తరగతి. ఇక ముక్కంటావా అమ్మాయీ, నా ముక్కే కొలత. బెత్తెడు."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా తాతా!" అంది కొంగ.

"ఎవరూ అడగలేదు."

తికమకపెట్టి బతికేవాడు అడిగే నోటికి భయపడాలి.

ఆ సాయంత్రమే నీటికుక్క కన్నుమూసింది. మడుగు కొంగకు వచ్చింది. వాగు కాపలా తాబేలుకు వచ్చింది. నక్కకు ఏమీ రాలేదు.