బరువమ్మ పల్లకి కింద మాట

సుద్దగుట్టకొచ్చిన భక్తులారా, ముందు నడుం వంచండి. మా బరువమ్మ గుడి వాకిలి అంత పొట్టిది. మంత్రిగారైనా వంగాల్సిందే. లోపలుండే అమ్మ అరచెయ్యంత రాయి. "ఇంతేనా?" అని నవ్వబాకండి. నవ్వినోళ్ళను శానామందిని చూసినాం.

పూర్వం ఇది గుడి కాదు, పాలెగాడు ఎర్రతిమ్మ నాయకుడి చెరసాల. అమ్మ అప్పుడు పైన గుట్ట కొన మీదుండేది. ఒకనాడు నాయకుడు జనాన్ని పోగేసి, "అమ్మ నా కల్లోకొచ్చింది. జాతర కాగానే పక్క పాలెం జొన్నచేలు కాల్చమనింది" అన్నాడు. అమ్మ మాటంటే ఎవురు కాదంటారు? అందరూ కాగడాలు కట్టుకున్నారు. జాతరలో అమ్మ పల్లకి మోసే కదిరప్ప ఒక్కడే కట్టలేదు.

"పండిన చేను కాల్చమంటే అది మా అమ్మ కాదు సామీ" అన్నాడు.

అమ్మనే తప్పుబట్టినాడని నాయకుడు వాణ్ణి ఈ గదిలో ఏసి, జాతర ముగిసినాక తల తీయిస్తానని చాటింపు వేయించినాడు.

కదిరప్ప తల్లి ఓబుళక్కకు వాడొక్కడే కొడుకు. జాతరనాడు ఆమె పచ్చిమంచినీళ్ళు ముట్టకుండా చెరసాల ముందర నిలబడింది. పల్లకి అక్కడికి రాగానే అమ్మ బరువెక్కింది. ఎంత బరువనుకున్నారు? మోసేవాళ్ళ కాళ్ళు మోకాళ్ళదాకా బండలో దిగబడినాయి. ఆ గుంతల్లో ఇప్పటికీ మా మేకలు నీళ్ళు తాగుతాయి. రెండు ఏనుగుల్ని కట్టి లాగిస్తే రెండూ కూలబడినాయి. పక్క ఊరోళ్ళు ఒక్క ఏనుగే అంటారు, వాళ్ళకు మా అమ్మంటే కుళ్ళు.

"తప్పుకోండ్రా, అన్నం తినేది దేనికి?" అని నాయకుడు తనే వెనక కర్రకు భుజం పెట్టినాడు. కర్ర భుజానికి అతుక్కుపోయింది. ఎత్తలేడు, దించలేడు. అప్పుడు ఓబుళక్క దగ్గరికొచ్చింది.

"నాయకా, నిజంగా అమ్మ నీ కల్లోకొచ్చిందా?"

"వచ్చిందే ముసిల్దానా!"

కర్ర ఇంకా కిందికి దిగింది. నాయకుడి మోకాళ్ళు నేలకానినాయి.

"ఏ మాట కాదన్నందుకు నా బిడ్డ తల తీస్తావో, ఆ మాట చెప్పినప్పుడు అమ్మ మొహం ఎట్లుండె నాయనా? కన్నదాన్ని, చెప్పు."

నాయకుడు మోకాళ్ళ మీదనే నిజం కక్కినాడు.

"రాలేదమ్మా. ఆ పాలెం మీద పగ నాది. అమ్మ పేరు చెప్తేగానీ మీరు కదలరని చెప్పినా."

అంతే, పల్లకి దూదిమాదిరి లేచింది. జనం చెరసాల తలుపు పీకి కదిరప్పను బయటికి తెచ్చినారు. ఇంకెవుర్నీ అందులో వేసేదానికి లేకుండా, ఆ గదిలో అమ్మను కూర్చోబెట్టినారు. చేలు కాల్చేదానికి కట్టిన కాగడాలు ఆమె ముందర వెలిగించినారు. బరువమ్మ అనే పేరు ఆనాటిదే.

ఇప్పటికీ మా సీమలో సర్పంచి మొదలు మంత్రి దాకా ఎవురు గెలిచినా జాతరకొచ్చి వెనక కర్ర మొయ్యాల. ఫోటోలో బాగా పడతామని ముందు కర్ర అడుగుతారు, ఇయ్యం. ఓడినోళ్ళకు మోత లేదు, కడుపునిండా తిని పోవచ్చు. భుజాన కర్ర ఉన్నంతసేపు ఆడామగా ఎవురైనా ఏదైనా అడగొచ్చు. మొదటి మాట మాత్రం బిడ్డను కన్న తల్లిది.

"అమ్మ పేరు చెప్పి మమ్మల్ని ఓటడిగితివే, అది అమ్మ మాటా, నీ మాటా?"

అప్పుడు డప్పులు ఆగిపోతాయి. జవాబులో నిజముంటే పల్లకి కదుల్తుంది, అందరం మొక్కుతాం. కదలకుంటే ఆయనతో పాటు మేమూ ఎండలో నిలబడే ఉంటాం. అమ్మ దయవల్ల మా ఊళ్ళో ఓపికకు కొదవ లేదు.