చాటింపుకు దొరకని నోరు

సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని గజసింహరాయలు ఏలేవాడు. ఆయనకు బిరుదులంటే ప్రాణం. ఆ రాజ్యంలో ఏ చాటింపు వేసినా ముందు ఆయన బిరుదులు చదవాలి. తర్వాత "ప్రభువుల మాట" అనాలి. ఆ తర్వాతే సంగతి. గేదె తప్పిపోయినా అంతే.

"రిపుగజకేసరి, సమరభీకర, గజసింహరాయ ప్రభువుల మాట! గొల్లవీధి సూరమ్మ గేదె కనబడటం లేదహో!"

జనం లోలోపల నవ్వుకునేవాళ్లు. అయినా లేచి నిలబడి వినేవాళ్లు. ప్రభువుల మాట మరి.

ఇంకో ఆచారం ఉండేది. చాటింపు మీద అనుమానం వచ్చినవాళ్లు "ప్రభువుల నోటనే వింటాం" అని అడగవచ్చు. అప్పుడు రాజు ఇంటిల్లిపాదితో మేడ మీదికి వచ్చి, ఆ మాటే తన నోటితో చెప్పాలి. ఒక్క అక్షరం మారకూడదు. రాజుగారి తాత పెట్టిన కట్టుబాటు అది. అడిగే ధైర్యం ఎవరికీ లేక మూలపడింది.

ఆ ఏడు సంతపెద్దను ఎన్నుకోవలసి వచ్చింది. ఆ పదవి ఎప్పుడూ మంత్రి దండపాణి బావమరిది రంగశాయిదే. ఎదురు నిలబడ్డవాడు లేడు. ఈసారి ఒక ఆడమనిషి నిలబడింది. పేరు పైడమ్మ. సంతలో పసుపుకొమ్ములు అమ్ముకునే పిల్ల. మొగుడు సరుకు ఓడ మీద వెళ్లి తుఫానులో పోయాడు. ఆ తర్వాత ఆడబిడ్డ పుట్టింది.

"దొంగ తూకాలు మాన్పిస్తాను. ఆడవాళ్లు కూర్చునే చోట పందిరి వేయిస్తాను," అంది పైడమ్మ. అంతే అంది.

రంగశాయి తూకాల ఊసెత్తలేదు. చాటింపు వేయించాడు.

"ప్రభువుల మాట! మొగుణ్ణి మింగిన నోరు సంతను మింగదా?"

మర్నాడు ఇంకోటి. "ప్రభువుల మాట! నల్లపిల్లి ఎదురొస్తే బేరం సాగుతుందా?"

పైడమ్మ వీధిలోకి వస్తే కుర్రకారు పిల్లికూతలు కూసేది. ఎవరో ఆమె పసుపు గంప మీద పేడ కొట్టారు. ఆమె గంప కడుక్కుని మళ్లీ కూర్చుంది. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముట్టలేదు.

పైడమ్మ తల్లి ముత్తెమ్మ. కొలువులో రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చేది ఆవిడే. మాటలు తక్కువ. అన్న ఒక్క మాటా ఊరికే పోదని పేరు.

ఎన్నిక ముందు రోజు దండపాణి కొలువులో లేచాడు. "రేపటి చాటింపు చిత్తగించండి ప్రభూ," అని చదివాడు. "పైడమ్మ బిడ్డకు తండ్రెవరో పైడమ్మకైనా తెలుసా?"

రాజు పకపకా నవ్వాడు. కొలువంతా నవ్వింది.

ముత్తెమ్మ చేతిలో తమలపాకు చిరిగింది.

రాజు అది చూశాడు. "ఏం ముత్తెమ్మా, కోపమా? ఎన్నికన్నాక ఇవన్నీ మామూలే. మాట ఒంటికి అంటుకుంటుందా?"

ఆవిడ ఇంకో ఆకు తీసింది. ఈనె గిల్లింది. సున్నం రాసింది. అప్పుడు తలెత్తింది.

"అంటుకోదు ప్రభూ. కానీ చాటింపువాడిది బొంగురు గొంతు. సగం సంతకు వినబడదు. ఏలినవారిది సింహనాదం. రేపటి మాట మీ నోటనే వింటాను."

"అది నీ కూతురి మీద మాటే కదా!"

"అందుకే, అందరికీ వినబడాలి."

రాజు మీసం దువ్వాడు. మేడ, కింద జనం, పైన తన గొంతు. ఊహకే ఒళ్లు పులకరించింది.

"ప్రభూ, తమకెందుకంత శ్రమ..." అని దండపాణి నసిగాడు.

"శ్రమేమిటయ్యా! నా గొంతు విని ఎన్నాళ్లయింది జనం!"

సాయంత్రం సంగతి విని పైడమ్మ, తల్లి చేయి పట్టుకుంది. "నేను తప్పుకుంటానమ్మా. ఆ మాట పడ్డాక బిడ్డనెత్తుకుని సంతలో ఎలా నిలబడను?"

"రేపు కోట ముందు నిలబడు. బిడ్డతో."

"నీకేమైనా పిచ్చా?"

ముత్తెమ్మ మనవరాలిని ఒళ్లోకి తీసుకుంది. తన ఎత్తు పారకపోతే రాజే ఆ మాట అంటాడు. రాజు నోటితో పడ్డ మచ్చ మనవరాలి పెళ్లినాటికీ చెరగదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు.

తెల్లవారింది. కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. రాజు కిరీటం పెట్టుకుని మేడ మీదికి వచ్చాడు. పక్కన రాజమాత, రాణి, ఎదిగిన కూతురు కూర్చున్నారు. బిరుదులన్నీ రాజు తానే చదువుకున్నాడు. గొంతు నిజంగానే సింహనాదంలా ఉంది.

"ప్రభువుల మాట! పైడమ్మ బిడ్డకు..."

కింద, సరిగ్గా ఎదురుగా, పైడమ్మ చంకలో బిడ్డతో నిలబడి ఉంది. తల వంచలేదు. బిడ్డ రాజును చూసి బోసినోటితో నవ్వింది.

రాజు ఆగాడు. దగ్గాడు. "పైడమ్మ బిడ్డకు..." అన్నాడు మళ్లీ.

"ఆగావేం నాయనా?" అంది రాజమాత. "ఏమిస్తున్నావు బిడ్డకు? మొగుడు ఓడతో పోయిన పిల్లట, పాపం."

రాజు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. కూతురు తనకేసే చూస్తోంది. ఆయన పక్కకు తిరిగాడు. "దండపాణీ, నువ్వు చెప్పు."

"నేనా ప్రభూ? అది రంగశాయి రాయించింది."

జనంలో ఉన్న రంగశాయి ఉలిక్కిపడ్డాడు. "నాకేం తెలుసు బావగారూ! చాటేది చాటింపువాడు కదా!"

చాటింపువాడు డప్పు కింద పెట్టేశాడు. "బాబోయ్, నా మాటని నేనెప్పుడన్నానండీ? ప్రభువుల మాటనే అన్నాను."

మాట తిరిగి తిరిగి రాజు దగ్గరికే వచ్చింది.

జనంలోంచి ముత్తెమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. గొంతు పెంచలేదు.

"ప్రభూ, తండ్రెవరో తెలియని బిడ్డ ఊళ్లో ఉందని చాటిద్దామనుకున్నారు. నిజమే, ఉంది. మా ఇంట్లో కాదు. నా మనవరాలి తండ్రి సింహాద్రి. ఊరంతా ఎరుగును. తండ్రి లేనిది ఈ మాటకే. మీ కొలువులోనే పుట్టింది. ఇందాకట్నుంచీ నలుగురి చేతులు మారింది. నాదని ఎత్తుకునేవాడు ఒక్కడూ లేడు."

దండపాణి పళ్లు కొరికాడు. భటుడి చేయి కత్తి పిడి మీదికి వెళ్లింది. పైడమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది.

రాజు బిడ్డ కేసి చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ముందు సన్నగా, ఆ తర్వాత మేడ అదిరేలా నవ్వాడు.

"ముత్తెమ్మా! సింహనాదమని పొగిడి నా నోరే కుట్టేశావు కదే! మాట ఒంటికి అంటుకోదన్నాను. నా నాలుకకే అంటుకుంది."

మెడలో ముత్యాల దండ తీసి ఆవిడకు ఇప్పించాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఇకమీదట ఎవరి మాట వారి పేరుతోనే చాటించాలి ప్రభూ. అంతే."

"అంతే! ఇది మాత్రం ప్రభువుల మాట!"

మధ్యాహ్నం చాటింపువాడు సంతలోకి వచ్చాడు. డప్పు మోగించి, "రంగశాయిగారి మాట!" అన్నాడు. అని రంగశాయి కేసి చూశాడు. రంగశాయి నేల కేసి చూశాడు.

కాసేపు ఆగి, "ఇంతేనహో!" అని వెళ్లిపోయాడు.

సంతంతా గొల్లున నవ్వింది. ఎవరో ముసలాయన పైడమ్మ గంప దగ్గర చతికిలబడి, "అవునుగానీ అమ్మాయ్, ఆ తూకాల సంగతేదో చెప్పావే, అదేమిటి?" అని అడిగాడు. ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. పొద్దు వాలేసరికి పైడమ్మ సంతపెద్ద అయింది.

ముత్తెమ్మ ఇల్లు చేరి, ముత్యాల దండ మనవరాలి మెడలో వేయబోయింది. కొక్కెం పడలేదు. అప్పుడు చూసుకుంది, చేతులు వణుకుతున్నాయి.