తూహల్ పేరు గీకిన రోజు

పడమటి సముద్రంలో ఒక రాతి దీవి, దాని మీద ఒక మఠం. మఠానికి పెద్ద కెల్లాక్ గురువు. ఎవరేం అడిగినా ఆయన సమాధానం చెప్పడు, పని చెబుతాడు. దేవుడెక్కడున్నాడని అడిగినవాడు ఆవుల కొట్టం కడిగాడు. అందుకే ఆ మఠంలో సందేహాలు తక్కువ, కొట్టం శుభ్రం. అవతలి ఒడ్డున మా ఊళ్ళో కొట్టాలు కంపు, సందేహాలు మెండు.

ఒక చలికాలంలో దీవికి మహమ్మారి సోకింది. పందొమ్మిది మంది సన్యాసుల్లో ఎనిమిది మంది మిగిలారు. రోగం మొదలైన వారంలోనే తూహల్ అనే సన్యాసి ఉన్న ఒక్క పడవా తీసుకుని వెళ్ళిపోయాడు. పడవ లేక పిండి రాలేదు, మందు రాలేదు. మేము ఒడ్డు మీద నిలబడి, పొగ కనిపిస్తోంది కాబట్టి ఇంకా బతికే ఉన్నారని చెప్పుకునేవాళ్ళం. మాకూ పడవలున్నాయి. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ ఎత్తరు. తూహల్‌ను మాత్రం ఇంటింటా తిట్టాం.

చలి తగ్గాక ఆ పడవ తలకిందులుగా మా ఒడ్డుకే కొట్టుకొచ్చింది. లోపల బల్లకు ఒక పిండి సంచి కట్టి ఉంది. పోతూ పట్టుకుపోయాడని కొందరన్నారు, తిరిగి తెస్తున్నాడని కొందరన్నారు. తడిసిన పిండి తను ఎటు వెళుతోందో చెప్పదు. నేను రెండు మాటలూ అన్నాను, అడిగిన మనిషిని బట్టి.

మఠంలో తోలు ఆకుల మీద రాసిన పేర్ల పుస్తకం ఒకటుంది. అందులో చేరినవాళ్ళందరి పేర్లూ, బతికున్నా పోయినా, రోజూ పొద్దున్నే బలిపీఠం దగ్గర గురువు చదువుతాడు. పుస్తకం ముట్టేది ఆయనొక్కడే. మిగతావాళ్ళు వింటారు. ఎవరి పేరు చదవరో వాడు పోయిన చోట ఒంటరిగా నడుస్తాడని వాళ్ళ నమ్మకం.

ఫెర్గిల్ అక్కడ లేఖకుడు, గురువుకు ముఖ్య శిష్యుడు. ఆ చలికాలంలో అతని తమ్ముడు లోర్కన్ గుక్కెడు జావ లేక అతని ఒళ్ళోనే పోయాడు. పడవ ఒడ్డుకు చేరిందని తెలిసిన మర్నాడు, పేర్లు చదవడం అయ్యాక ఫెర్గిల్ అడిగాడు.

“తండ్రీ, నా తమ్ముడి పేరు చదివిన నోటితోనే తూహల్ పేరెలా చదువుతారు?”

“ఏం చేయమంటావు?”

“తీసేయాలి.”

తోలు దొరకడం కష్టం కాబట్టి ఆ మఠంలో తప్పు పడిన మాటను కత్తితో గీకి తీసేయరు. దాని కింద చుక్కలు పెడతారు. చదివేవాడు చుక్కలు చూసి దాటిపోతాడు. గురువు ఆ సంగతే గుర్తు చేశాడు. “చుక్కలు పెట్టు. నేను దాటేస్తాను.”

“పేరు కనిపిస్తూనే ఉంటుంది కదా తండ్రీ.”

గురువు పెట్టె తెరిచి కత్తి అతని చేతికిచ్చాడు, పుస్తకం ముందు పెట్టాడు.

ఆ సిరాలో ఇనుము కలుస్తుంది. తోలు పైన నిలవదు, లోపలికి దిగుతుంది. తోలేమో పుట్టీపుట్టగానే చచ్చిన దూడది, ఉల్లిపొర అంత పలచన. ఫెర్గిల్ పళ్ళు బిగించి గీకాడు. వంటవాడు గొర్మన్ గుమ్మంలో నిలబడి, “అన్నా, ఆ ఊపు నా గిన్నెల మీద చూపిస్తే చలికాలం నాటి మాడు కూడా వదిలేది” అన్నాడు. ఫెర్గిల్ తలెత్తలేదు. చివరి అక్షరం పోయేసరికి తోలు కూడా పోయింది. వేలెడు పొడవున చిల్లు పడింది.

గురువు దగ్గరికొచ్చి ఆకు తిప్పాడు. వెనక వైపు వరస వెంట వేలు నడిపించుకుంటూ వచ్చి చిల్లు దగ్గర ఆపాడు.

“ఇక్కడ లోర్కన్ ఉండేవాడు” అన్నాడు.

ఫెర్గిల్ కత్తి వదిలేసి నేల మీద రాలిన తోలు పొడి ఏరడం మొదలుపెట్టాడు. గురువు తెలిసే కత్తి ఇచ్చాడని ఆ తర్వాత మా ఊళ్ళో చెప్పింది గొర్మనే. తన జావలో ఉప్పు సరిపోయిందని కూడా అతనే చెబుతాడు.

మధ్యాహ్నం గురువు ఒక తోలు ముక్క తడిపి చిల్లుకు కుట్టాడు. అది ఆరాక కలం శిష్యుడికిచ్చాడు. ఫెర్గిల్ తమ్ముడి పేరు రాశాడు. కుట్టు దగ్గర అక్షరాలు వంకరపోయాయి కానీ ఉన్నాయి. సిరా ఆరిపోయింది. గురువు ఆకు తిప్పి పెట్టాడు. తూహల్ పేరుండిన ఈ వైపు ముక్క ఖాళీగా ఉంది. ఫెర్గిల్ దాన్ని చూసి కలం కింద పెట్టేశాడు.

“ఈ వైపు నా వల్ల కాదు తండ్రీ. ఒక్క వైపే చాలు.”

గురువు సూదిలో మిగిలిన దారం తెంపుతూ అన్నాడు. “ఒక్క వైపే ఉన్న తోలు ఎక్కడైనా దొరికితే తీసుకురా నాయనా. ఇది విప్పేసి అది కుడతాను.”