ఒకే గొంతుతో చెప్పిన మందులు

ఆ ఏడు సిద్ధవటంలో వాంతులు, విరేచనాలు ఇంటింటికీ పాకాయి. హకీం బుర్హానుద్దీన్ దగ్గర వైద్యం నేర్చుకుంటున్న లతీఫ్‌కు గురువు చెప్పిన ప్రతి ఉపాయమూ కంఠస్థమే. రోగి ఇంటికి వెళితే ఒక్కటీ వదిలేవాడు కాదు. ప్రతిదాని చివరా "తప్పకుండా చెయ్యాలి" అనేవాడు.

నేతగాళ్ల వీధిలో సుంకమ్మ కూతురికి జబ్బు చేసింది. ఉప్పు వేసిన పల్చటి గంజి తాగించమన్నాడు లతీఫ్. దానిమ్మ తొక్క కషాయం, పొట్ట మీద వాము పట్టు, తల కింద వేపాకు కూడా చెప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే సుంకమ్మ ఏడుస్తూ వచ్చింది. గురుశిష్యులిద్దరూ పరుగున వెళ్లారు. పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. నాలుక ఎండిపోయింది.

"గంజి తాగించలేదా?" లతీఫ్ గద్దించాడు.

"అన్నీ తప్పకుండా చెయ్యమంటివి కదయ్యా! దానిమ్మ తొక్క కోసం ఊరంతా తిరిగితి. పట్టు వేస్తి, వేపాకు తెస్తి. అవన్నీ అయినాక గంజి కాద్దామనుకుంటి."



హకీం తానే పొయ్యి ముందు కూర్చుని గంజి కాచాడు. ఉప్పు వేసి, చల్లార్చి, రుచి చూశాడు. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పోశాడు. కక్కితే కాసేపు ఆగి మళ్లీ పోశాడు.

"ఇది మాత్రం ఆపొద్దు తల్లీ. ఏ పని మానుకున్నా సరే, ఇది ఆపొద్దు."

"మరి కషాయం, సామీ?"

"ఒకరిద్దరికి గుణమిచ్చిందని విన్నాను. వీలైతే ఇవ్వు, లేకుంటే లేదు."

"వేపాకు?"

"నీకు ధైర్యంగా ఉంటే ఉంచుకో."

పొద్దు వాలేసరికి పిల్ల ఏడ్చింది. పొద్దున ఎండిపోయి ఉన్న కంట నీళ్లొచ్చాయి. అది చూసి సుంకమ్మ నవ్వింది.

వీధిలోకి వచ్చాక లతీఫ్ ఉండబట్టలేకపోయాడు.

"అవన్నీ మీరు నేర్పినవే కదా, ఉస్తాద్!"

"నేర్పాను. అన్నీ ఒకే గొంతుతో నేర్పానా?"



పక్క సందులో ఇంకో ఇంటివాళ్లు పిలిచారు. హకీం అరుగు మీదే కూర్చుండిపోయి శిష్యుణ్ణి లోపలికి పంపాడు. లతీఫ్ రోగి పక్కన కూర్చుని నాలుక చూశాడు, చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.

"ఏమేం చెయ్యాలయ్యా?" ఇల్లాలు ఆత్రంగా అడిగింది.

"ముందు గంజికి పొయ్యి వెలిగించమ్మా," అన్నాడు లతీఫ్.